నష్టం: నిల్

మొగలిగెడ్డపాలెంలో సముద్రం ఒడ్డునున్న తుఫాను షెల్టరు తాళంచెవి సూరాడ దానయ్య మొలతాడుకి ముప్పై ఏళ్ళుగా వేలాడుతోంది. స్నానం చేసినా తీయడు, పడుకున్నా తీయడు. పెళ్ళాం బతికున్న రోజుల్లో "నువ్వు నన్ను కట్టుకున్నావా, దాన్ని కట్టుకున్నావా?" అని అడిగేది పాపం. దానయ్య జవాబు చెప్పేవాడు కాదు గానీ, చెయ్యి మాత్రం మొలతాడు దగ్గరికే పోయేది.

ఈ ముప్పై ఏళ్ళలో ఊరిమీదికి పదకొండు పెద్ద తుఫాన్లు వచ్చాయి. తుఫాను కబురు వచ్చినప్పుడు మనుషుల్ని ఇళ్ళలోంచి కదిలించడం ఎంత కష్టమో ఆ పని చేసినవాడికే తెలుస్తుంది. మైకులో అరిచినా కదలరు, కాళ్ళు పట్టుకున్నా కదలరు. "ఇలాటివి పుట్టినకాడినుంచి సూత్తన్నాం, ఎల్లెల్లు" అంటారు. మొదటి తుఫాను నాడే దానయ్యకి ఒక కిటుకు దొరికింది. ప్రతి మనిషికీ వదల్లేని వస్తువు ఒకటుంటుంది. దాన్ని ముందు ఎత్తుకుపోతే మనిషి తనంతట తనే వెనకాల పరిగెత్తుకొస్తాడు.

ఎవరు ఏది వదల్లేరో దానయ్యకి కంఠతా వచ్చు. ఎర్రన్నకి టీవీ. జాకెట్లు కుట్టే పైడితల్లికి మిషను. లక్ష్మయ్యకి పేకముక్కల కట్ట. కొర్లమ్మ అనే డెబ్భై అయిదేళ్ళ ముసలామెకి కోడి. అసలు పని కొర్లమ్మతోనే మొదలయ్యేది. దానయ్య కోడిని చంకన పెట్టుకుని షెల్టరు వైపు నడక సాగించేవాడు. కొర్లమ్మ చీర ఎగ్గట్టి, వాడి ఏడు తరాలనీ పేరుపేరునా తిడుతూ వెంటపడేది. ఆ నోరు విని వీధి వీధంతా బయటికొచ్చి, వచ్చినవాళ్ళు వచ్చినట్టే నడిచేవాళ్ళు. ఊరికి ప్రభుత్వం ఇచ్చిన సైరను ఎప్పుడో తుప్పుపట్టింది. కొర్లమ్మ నోటికి మాత్రం ఇప్పటిదాకా రిపేరు రాలేదు.

తుఫాను పోయాక దానయ్య ఒక నోటుపుస్తకంలో పేజీ రాసేవాడు. గాలి ఎప్పుడు మొదలైంది, ఎంతమంది లోపలున్నారు, ఎప్పుడు బయటికొచ్చారు. చివర పెద్ద అక్షరాలతో 'నష్టం: నిల్' అని రాసి కింద గీత గీసేవాడు. ఆ 'నిల్' అనే మాట తాసీల్దారు ఆఫీసులో నేర్చుకున్నాడు. చదివింది నాలుగో తరగతే అయినా ఆ ఒక్క మాటా ముత్యాల్లా రాస్తాడు. పదకొండు పేజీలు, పదకొండు నిల్లులు.

ఇలా ఉండగా రాష్ట్రంలో వృత్తినిపుణ విపత్తు నిర్వాహకుల సంఘం ఒకటి పుట్టింది.

పుట్టడంలో తప్పేం లేదు. వకీళ్ళకి సంఘం ఉంది, డాక్టర్లకి ఉంది, టెంటు హౌసులవాళ్ళకి కూడా ఉంది. విపత్తులు చూసుకునేవాళ్ళు మాత్రం ఏం పాపం చేశారు? మొదటి ఏడాది సంఘంవారు ఒక చిహ్నమూ, ఒక టైయూ తయారుచేయించుకున్నారు. రెండో ఏడాది 'సంసిద్ధతే సంస్కృతి' అని ఒక నినాదం తయారుచేశారు. ఇంక చేయడానికి ఏమీ తోచక మూడో ఏడాది ఒక నియమం తయారుచేశారు. సంఘం ధ్రువీకరించని వ్యక్తి ఎవరూ విపత్తు జోలికి పోరాదు. ఎవరో ఏదో చేస్తున్నారు కదా అని పైవాళ్ళు కూడా సంతోషించి, షెల్టర్ల తాళంచెవులు ఇకమీదట ధ్రువీకృత సభ్యుల దగ్గరే ఉండాలని కాగితం పంపించారు.

కాగితం అందిన మర్నాడే దానయ్య ఉతికిన చొక్కా వేసుకుని, నోటుపుస్తకం సంచిలో పెట్టుకుని, బస్సెక్కి పట్నంలో సంఘం ఆఫీసుకి వెళ్ళాడు. కార్యదర్శి పరంధాంగారు ఏసీ గదిలో టై బిగించుకుని కూర్చున్నారు. పుస్తకం తీసుకుని మొదటి పేజీ చూశారు. రెండో పేజీ చూశారు. పదకొండో పేజీకి వచ్చేసరికి ఆయన మొహంలో జాలి కనిపించింది.

"ఏమయ్యా దానయ్యా, అన్నీ నిల్లేనా?"

"అన్నీ నిల్లే బాబూ," అన్నాడు దానయ్య గర్వంగా.

"ఒక్క మనిషైనా?"

"లేదు బాబూ."

"పోనీ ఒక గేదె? మేక? ఇల్లు కూలడం లాంటిది?"

"మా పాకలమీద వలలు కప్పి రాళ్ళు కట్టేత్తాం బాబూ. పడవల్ని ముందురోజే తోటలోకి లాగేత్తాం. ఏదీ పోలేదు."

పరంధాంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సొరుగులోంచి అనుభవ పట్టిక అనే కాగితం తీసి దానయ్య ముందు పెట్టారు. ప్రాణనష్టానికి పది పాయింట్లు. పశునష్టానికి రెండు. ఇల్లు కూలితే ఒకటి. ఇతర ఆస్తి నష్టానికి ఒకటి. ధ్రువీకరణకి మొత్తం పాతిక కావాలి.

"చూడు, మన సంఘానికి అనుభవం ముఖ్యం. అనుభవాన్ని దేనితో కొలుస్తాం? నష్టంతోనే కొలవాలి. నీ అనుభవం పదకొండు సున్నాలు. పదకొండు సున్నాలు కూడితే సున్నా."

"పదకొండు తుఫాన్లు వచ్చినాయి కదా బాబూ!"

"తుఫాన్లు వచ్చాయి. విపత్తు రాలేదు. గాలీ వానా వచ్చినంత మాత్రాన విపత్తు అయిపోదు. దానికి నష్టం తోడైతేనే, సదరు నిర్వచనం మేరకు, విపత్తు. నీ ఊళ్ళో విపత్తే లేదు. లేని దాన్ని నువ్వు ఎలా నిర్వహించావయ్యా? నువ్వు విపత్తును నిర్వహించలేదు. రాకుండా అడ్డుపడ్డావు. అది వేరే శాఖ."

ఎదురుగా గోడమీద బంగారు పతకం మెడలో వేసుకున్న జగ్గారావు ఫొటో ఉంది. జగ్గారావు పక్క మండలంలో షెల్టరు చూసేవాడు. రెండేళ్ళ కిందట తుఫాను నాడు మందు కొట్టి పడుకున్నాడు. లేచేసరికి నలభై ఇళ్ళూ, అరవై మేకలూ లేవు. మనుషులు గుడి మేడ ఎక్కి వాళ్ళ పాట్లు వాళ్ళే పడ్డారు.

"ఆయనకి నూట అరవై పాయింట్లు," అన్నారు పరంధాంగారు ఫొటోకేసి భక్తిగా చూస్తూ. "ఇప్పుడు మన శిక్షణ విభాగానికి ఆయనే అధిపతి."

ఒక నెల గడువిచ్చి, ఈలోగా పాతిక పాయింట్ల నష్టం చూపించుకోమన్నారు. లేకపోతే తాళంచెవి స్వాధీనం చేయాలి.

దానయ్య ఊరికి తిరిగొచ్చి చెప్పగానే వలలు అల్లుకునే పాకలో జనం పోగయ్యారు. విషయం విని ముక్కున వేలేసుకున్నారు. తరవాత, మంచివాళ్ళు కదా, సాయానికి దిగారు.

"నా పాత తెప్ప పోనాదని రాసుకో," అన్నాడు ఎర్రన్న.

"అది నీ దొడ్లో కళ్ళెదుటే ఉంది కదరా," అన్నాడు దానయ్య.

"అయితే ఏటి? దానిమీద చేపలు ఎండబెట్టుకుంతన్నాం. తెప్పగా అయితే పోయినట్టే కదా."

లక్ష్మయ్య తన మేకలు రెండిటిని పేర్లతో సహా ఇచ్చాడు. పైడితల్లి వంటపాక కూలిందని రాసుకోమంది. ఎంత కూడినా ఆరు దాటలేదు. అప్పటిదాకా మూల కూర్చుని చుట్ట కాలుస్తున్న కొర్లమ్మ గొంతు సవరించుకుంది.

"మనిసికి పది అన్నావు కాదేటి? నన్ను రాసీ."

"పెద్దమ్మా, నోర్ముయ్యి."

"ఎందుకు ముయ్యాలి? రెండో తుఫానులో నాను మునిగిపోనాను. రాయి. పది వత్తాయి. మా ముసలాయన ఎలాగూ పోనాడు, ఆడిని కూడా రాసుకో, ఇంకో పది. అంత కష్టమేటి?"

"నువ్వు పోయావని రాస్తే నీ పింఛను ఆగిపోతాది పెద్దమ్మా."

ఆ మాటకి కొర్లమ్మ ఒక నిమిషం ఆలోచనలో పడింది. తరవాత చుట్ట విసిరేసింది. "ఆగితే ఆగనీ. తాళం నీకాడ లేకపోతే ఈ ఊళ్ళో ఎంతమంది పింఛను ఆగిపోతాదో ఆ టై బాబులకేటి తెలుసు?" అంది.

అయినా దానయ్యకి అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. పుస్తకం మూసేసి ఇంటికెళ్ళిపోయాడు. అతను అటు వెళ్ళగానే పైడితల్లి చేత దరఖాస్తు రాయించుకుని, వేలిముద్ర వేసి, మర్నాడు పొద్దున్నే కొర్లమ్మ ఒక్కతే బస్సెక్కింది.

సంఘం నియమాల్లో నలభై మూడోది ఏమంటుందంటే, ప్రాణనష్టం చూపేటప్పుడు బాధితులు స్వయంగా హాజరై ధ్రువీకరించాలి. ఈ నియమం రాసినప్పుడు గదిలో పదహారుమంది ఉన్నారు, అందరూ చదువుకున్నవాళ్ళే. ఇప్పటిదాకా ఒక్క బాధితుడూ హాజరు కాలేదని, జనంలో క్రమశిక్షణ లేదని పరంధాంగారు తరచు బాధపడుతుండేవారు. అందుకే కొర్లమ్మ వచ్చి "బాబూ, నాను తుఫానులో చచ్చిపోనాను" అనేసరికి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"కూర్చోండమ్మా, కూర్చోండి. ఇంత బాధ్యతగల మృతురాలిని నేను చూడలేదు. టీ తాగుతారా?"

కొర్లమ్మ రెండు టీలు తాగింది. పరంధాంగారు కలం తీసుకుని విచారణ మొదలుపెట్టారు. పేరు, వయసు, మునిగిన తేదీ. అంతా సవ్యంగానే సాగింది. పది పాయింట్లు దాదాపు చేతికి అందాయి. చివరి ప్రశ్న దగ్గర వచ్చింది తంటా.

"సదరు సమయంలో షెల్టరు బాధ్యుడు నిర్లక్ష్యంగా ఉన్నాడా? అంటే, మిమ్మల్ని పట్టించుకోలేదా?"

కొర్లమ్మకి ఒళ్ళు మండిపోయింది. చచ్చిపోయాననే సంగతే మర్చిపోయింది.

"ఎవుడు? మా దానయ్యా? నిర్లక్ష్యమా? నీ నోట్లో మన్ను పొయ్య! మోకాల్లోతు నీళ్ళల్లో వచ్చి నా కోడిని ఎత్తుకుపోనాడు బాబూ! నాను ఆడెనకాల పరిగెట్టినాను. షెల్టర్లో ఎక్కిందాకా ఆగలేదు. ఆడు లేకపోతే నాను ఆ రోజే పోదును. బతికించినాడు. ఒకసారి కాదు, పదకొండుసార్లు ఎత్తుకుపోనాడు!"

పరంధాంగారి కలం ఆగింది. "అంటే మీరు చనిపోలేదా?"

"ఎలా సత్తాను? సెప్తన్నాను కదా!"

"మీ కోడిని, మీ అనుమతి లేకుండా, పదకొండు పర్యాయాలు తీసుకుపోయాడన్నమాట."

"అవును మరి!" అంది కొర్లమ్మ గొప్పగా.

వారం తిరక్కుండా దానయ్యకి నోటీసు వచ్చింది. అనుభవం సున్నా. అదనంగా, ప్రకృతి వైపరీత్య సమయాల్లో ప్రజల ఆస్తి అపహరణ, కోళ్ళు, పదకొండు పర్యాయాలు. ఫిర్యాదుదారు కొర్లమ్మ, సాక్షి కూడా ఆవిడే. కావున నెల గడువు రద్దు. నోటీసు వెనకాలే జీపు వచ్చింది. దానయ్య మొలతాడు విప్పి తాళంచెవి ఇచ్చేశాడు. ఆ తరవాత మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. నడుస్తూ నడుస్తూ మొలదగ్గర తడుముకుని ఉలిక్కిపడేవాడు.

కొర్లమ్మ ఏడుస్తూ వచ్చింది. "నా నోరే నీ కొంప తీసింది నాయనా" అంది.

"నీ తప్పేం లేదు పెద్దమ్మా. రేపు మళ్ళీ పట్నం ఎల్తాను. ఎవరినైనా బతిమాలతాను."

నెల రోజులపాటు సంఘం ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఒకరోజు కొర్లమ్మ అతన్ని బస్సు దగ్గర ఆపి అంది: "ఒరే, నువ్వు నా కోడికి చేసిందే ఆళ్ళు నీకు చేసినారు. నువ్వు వదల్లేందేదో కనిపెట్టి ముందు అది ఎత్తుకుపోనారు. ఇప్పుడు నువ్వు ఆళ్ళెనకాల పరిగెడతన్నావు."

దానయ్య ఆ రోజు బస్సెక్కలేదు. ఇంటి అరుగుమీద కూర్చుని ఆ మాటే మననం చేసుకున్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సంఘంవారు తమ వార్షిక సదస్సు ఎక్కడ జరపాలా అని ఆలోచించారు. నిపుణులు కదా, ఊరికే నిర్ణయించరు. జిల్లాలో అన్ని ఊళ్ళ రికార్డులూ తెప్పించుకున్నారు. ముప్పై ఏళ్ళలో ఒక్క విపత్తు కూడా జరగని ఊరు తీరంలో ఒకే ఒక్కటి తేలింది. అంత సురక్షితమైన ప్రదేశం ఇంకోటి లేదని, సముద్రం గాలి కూడా బాగుంటుందని తీర్మానించి, సదస్సు నవంబరులో మొగలిగెడ్డపాలెం ఇసుకలో జరపడానికి ఏర్పాట్లు చేశారు.

షామియానా వేశారు. కుర్చీలు వేయడానికి దానయ్యని మాట్లాడుకున్నారు. నూట ఇరవైమంది సభ్యులు టైలతో దిగారు. వేదిక వెనక బల్లమీద నూట ఇరవై షీల్డులు వరసగా పెట్టారు. సంఘానికి ఒక మర్యాద ఉంది. ఏ సభ్యుడూ షీల్డు లేకుండా ఇంటికి పోకూడదు. వాటిమీద పేర్లు కూడా చెక్కించారు. అధ్యక్షులు డాక్టర్ నీలాద్రిరావుగారు వేదిక మధ్యన ఉన్నారు. 'విపత్తు నిర్వహణలో ఫైళ్ళ పాత్ర' మీద డాక్టరేటు తీసుకున్న మనిషి. ఆయన మెడలో నీలం రిబ్బనుకి షెల్టరు తాళంచెవి వేలాడుతోంది. ధ్రువీకృత సభ్యుడు ఆ చుట్టుపక్కల ఎవరూ దొరక్క, అది ఆయన సంరక్షణలోనే ఉండిపోయింది. దానయ్య కుర్చీలు సర్దుతూ ఆ రిబ్బనుకేసి పదేపదే చూశాడు.

ఒడిశా వైపు పోతుందన్న తుఫాను ఆ పొద్దున్నే మనసు మార్చుకుంది. పదింటికి సముద్రం రంగు మారింది. దానయ్య చేతిలో కుర్చీ కింద పెట్టి అటే చూశాడు. పదిన్నరకి నూట ఇరవై ఫోన్లకీ హెచ్చరిక వచ్చింది. సదస్సు మర్యాద ప్రకారం అన్నీ సైలెంటులో ఉన్నాయి. నూట ఇరవై జేబులు ఒక్కసారి వణికి ఊరుకున్నాయి.

దానయ్య వేదిక దగ్గరకెళ్ళి చేతులు కట్టుకున్నాడు. "బాబూ, తుఫాను మనమీదికే తిరిగింది. రెండు గంటల్లో వచ్చేత్తాది. అందరూ షెల్టరుకి రావాలి. తాళం తియ్యండి బాబూ."

నీలాద్రిరావుగారు మైకుకి చెయ్యి అడ్డుపెట్టి పరంధాంగారికేసి చూశారు. "అజెండాలో ఉందా?"

"లేదండి. 'ఇతర అంశాలు' కింద చివర్లో తీసుకోవచ్చు."

"ఒక ధ్రువీకరణ లేని వ్యక్తి నోటిమాట మీద సభ వాయిదా వేస్తే రేపు మన వృత్తి గౌరవం ఏమవుతుంది?" అన్నారు అధ్యక్షులు. సభ చప్పట్లు కొట్టింది. కానీ వారు బాధ్యతలేని మనుషులు కారు. ఆకాశం నల్లబడుతుండగా ఈ విషయాన్ని వెంటనే చర్చకు పెట్టారు. ఇప్పుడున్నది 'అప్రమత్త' దశా, 'సంసిద్ధ' దశా అని తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. జగ్గారావు లేచి, నష్టం జరగకముందే విపత్తు అనడం నిర్వచనానికి విరుద్ధమని, తొందరపడితే అనుభవం పాడైపోతుందని గంభీరంగా చెప్పాడు.

దానయ్య పరుగున ఊళ్ళోకి పోయాడు. వలలు కప్పించాడు, పడవలు లాగించాడు. కోడి, టీవీ, మిషను, పేకముక్కలు అన్నీ వరసగా బయల్దేరాయి, వెనక ఊరంతా బయల్దేరింది. షెల్టరు మెట్లమీద నాలుగు వందలమంది నిలబడ్డారు. పిల్లలు వానలో తడుస్తున్నారు. తలుపు మూసే ఉంది.

"పగలగొట్టీరా," అన్నాడు ఎర్రన్న.

"తాళం తలుపులోనే ఉంది కదరా. పగలగొడితే మళ్ళీ తలుపు పడదు. ఆ గాలికి ఊడొచ్చీసి లోపలున్నోళ్ళ మీదే పడతాది," అన్నాడు దానయ్య. ముప్పై ఏళ్ళలో మొదటిసారి అతనికి భయమేసింది. నీళ్ళు అప్పటికే సరుగుడు తోట మొదట్లోకి వచ్చేశాయి. ఆ తాళంచెవి రావాలంటే నీలాద్రిరావుగారు రావాలి. ఆయన రావాలంటే ఉపసంఘం తేల్చాలి.

కొర్లమ్మ చంకలో కోడి ఒకసారి కొక్కొక్కోమంది. దానయ్య దాన్ని చూశాడు. తరవాత ఆడవాళ్ళ చేతుల్లో ఉన్న చేపల గంపల్ని చూశాడు.

"పెద్దమ్మా, గంపలు తెండి. అందర్నీ రమ్మను."

పన్నెండుమంది ఆడవాళ్ళు వేదిక వెనకనుంచి వచ్చారు. ఒక్కొక్క గంపలో పదేసి షీల్డులు. తలమీద పెట్టుకుని, చేపలమ్మడానికి పోయేటప్పటి నడకతో షెల్టరు దారి పట్టారు. అందరికంటే ముందు కొర్లమ్మ, అధ్యక్షులవారి పెద్ద షీల్డుతో. పక్కన దానయ్య.

ఉపసంఘం తరఫున పరంధాంగారు 'అప్రమత్త' అనే మాటకి అర్థం వివరిస్తున్నారు. మూడో వరసలో ఒకాయన బల్లకేసి చూశాడు. బల్ల ఖాళీగా ఉంది.

"మన షీల్డులు!"

అంతే. దశ ఏదో తేలకుండానే నూట ఇరవైమంది నిపుణులు ఇసుకలో పరుగు లంఘించుకున్నారు. టైలు భుజాల వెనక్కి ఎగురుతున్నాయి. జగ్గారావు ఒక బూటు పోగొట్టుకుని, దానికోసం వెనక్కొచ్చి, రెండూ చేత్తో పట్టుకుని పరిగెత్తాడు. అందరికంటే ముందు నీలాద్రిరావుగారు. ఆ వయసులో అంత వేగం ఆయనకే ఆశ్చర్యం వేసి ఉంటుంది. మెడలో తాళంచెవి ఛాతీమీద టకటకా కొట్టుకుంటోంది. వెనకాల టెంటు హౌసువాళ్ళు సభ అయిపోయిందనుకుని షామియానా చుట్టేసి లారీలో వేసుకుని పోయారు.

"దొంగా! ఇది అపహరణ!" అన్నారు అధ్యక్షులు మెట్లెక్కి రొప్పుతూ.

"అపహరణే బాబూ. పన్నెండోసారి," అన్నాడు దానయ్య. "షీల్డులకి మఖమలు బట్ట ఉంది. వానకి పాడైపోతాది. తలుపు తీత్తే లోపల పెడతాను."

నీలాద్రిరావుగారు తన షీల్డుమీద పడుతున్న వానచినుకుల్ని చూశారు. మారుమాట లేకుండా రిబ్బను లాగి తాళంచెవి తిప్పారు. ముందు గంపలు, గంపల వెనక నిపుణులు, పిల్లలు, పైడితల్లి మిషను, ఊరు ఊరంతా లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూసి లోపలినుంచి తాళం తిప్పగానే బయట గాలి ఒక్కసారి అరిచింది.

నాలుగు గంటలపాటు షెల్టరు ఊగిపోయింది. ఆ నాలుగు గంటలూ సభ్యులు షీల్డులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. మొదటి గాలికి నీలాద్రిరావుగారు మూలనున్న గడ్డిమోపు మీద చతికిలబడి, మళ్ళీ లేవలేదు. కొర్లమ్మ ఆయన పక్కనే కూర్చుని, "భయం లేదు బాబూ, మా దానయ్య ఉన్నాడు" అని వీపు నిమిరింది. ఆయన వద్దనలేదు.

సాయంత్రం గాలి తగ్గింది. తలుపు తీశారు. పాకలు ఉన్నాయి. పడవలు తోటలో ఉన్నాయి. మేకలు కూడా ఉన్నాయి. సభ్యుల మొహాల్లో ముందు ప్రాణం వచ్చింది, తరవాత ఆశ వచ్చింది. మొత్తానికి అందరూ ఒక నిజమైన తుఫాను చూశారు! పరంధాంగారు అనుభవ పట్టిక తీసి గబగబా బయటికి నడిచారు.

"షామియానా పోయి ఉంటుంది," అన్నారు ఆశగా.

"చుట్టి పట్టుకుపోనారు బాబూ," అన్నాడు ఎర్రన్న.

"కుర్చీలు?"

"అవీ లారీలోనే."

"ఒక్క మేకైనా?" అన్నాడు జగ్గారావు.

లేదు. పరంధాంగారు పట్టిక మడిచి దానయ్యకేసి తిరిగారు. "నూట ఇరవైమంది నిపుణుల అనుభవాన్ని ఒక్క పూటలో నాశనం చేశావయ్యా! ఇంత తుఫాను, ఒక్క పాయింటు లేదు!"

అప్పుడు కొర్లమ్మ నోరు విప్పింది. "ఎందుకు లేదు బాబూ? నష్టం ఉంది. ఆ పెద్దాయన లేసి తన ఎనకాల సూసుకోమను."

అందరూ చూశారు. అధ్యక్షులవారి ఖరీదైన పంట్లాం వెనకభాగాన పసుపుపచ్చ మరక ఉంది. ఆయన నాలుగు గంటలు కూర్చున్న గడ్డిమోపులో కొర్లమ్మ కోడి లోపలికి రాగానే గుడ్డు పెట్టింది.

గుడ్డు పశునష్టమా, ఆస్తి నష్టమా అనే విషయం మీద అక్కడే వాదన లేచింది. పశువు కాబోయేది కాబట్టి అర పాయింటు ఇవ్వచ్చని ఒకరు, పెంకు దృష్ట్యా ఇల్లు కూలిన కిందకి వస్తుందని ఇంకొకరు అన్నారు. చీకటి పడకముందే బస్సు వచ్చింది. వాదన ఆపకుండానే అందరూ ఎక్కారు. ఒక్కరూ షీల్డు మరిచిపోలేదు. ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకుని మరీ ఎక్కారు.

బస్సు పోయాక దానయ్య తలుపు మూయడానికి వెళ్ళాడు. తాళంచెవి నీలం రిబ్బనుతో సహా తాళానికే వేలాడుతోంది. వాళ్ళు వదల్లేనిది వాళ్ళు పట్టుకుపోయారు. ఇది వదిలేసిపోయారు. దానయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తరవాత రిబ్బను విప్పి కొర్లమ్మ కోడి కాలికి కట్టి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు.

ఇంటికెళ్ళి పుస్తకంలో పన్నెండో పేజీ రాశాడు. చివరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. అబద్ధం రాసే మనిషి కాదు. నిట్టూర్చి రాశాడు: 'నష్టం: కోడిగుడ్డు, ఒకటి. కారణం: సంఘం అధ్యక్షులవారు కూర్చొనుట.' ముప్పై ఏళ్ళలో నిల్ కాని పేజీ అదొక్కటే. గీత గీయడానికి మనసొప్పలేదు.

నెల తిరిగాక సంఘంనుంచి ఉత్తరం వచ్చింది. తాళంచెవి కోసమే అయి ఉంటుందని భయపడుతూ దానయ్య దాన్ని పైడితల్లి చేత చదివించాడు.

"మొన్నటి తుఫానులో మొగలిగెడ్డపాలెం షెల్టరు తాళంచెవి సముద్రంలో కొట్టుకుపోయినట్టు మన కార్యవర్గం ఏకగ్రీవంగా ధ్రువీకరించడమైనది. సదరు ఆస్తి నష్టమునకుగాను అధ్యక్షులవారికి ఒక పాయింటు మంజూరు చేయడమైనది. ధ్రువీకరించిన నష్టమును తిరిగి కనుగొనుట పాయింటును భంగపరచును గనుక, సదరు తాళంచెవి కొరకు ఇకమీదట ఎవరూ వెదకరాదు."

పైడితల్లి రెండోసారి చదివింది. కొర్లమ్మ చుట్ట నోట్లోంచి తీసి దానయ్య మొలకేసి చూసింది.

"అయితే మరి నీ మొలకాడ వేలాడతన్నదేటి?"

దానయ్య చొక్కా కిందికి లాక్కున్నాడు.

"ఎవరన్నా అడిగితే కొట్టుకుపోనాదని చెప్పు పెద్దమ్మా," అన్నాడు.